సుబ్బి ఏమంది?

మా తాతమ్మ పెళ్ళి మా ఇంట్లో నవ్వుల కథ. ఎనిమిదేళ్ళ పిల్ల పీటల మీదే నిద్రపోయిందిట. తలంబ్రాల వేళకి లేపితే, ఏడుస్తూ "ఇంటికెళ్ళిపోదాం" అందిట. పెళ్ళి జరుగుతున్నది వాళ్ళింట్లోనే! ఇక్కడ అందరూ నవ్వాలి. పండగలకి ఇంటిల్లిపాదీ చేరినప్పుడల్లా ఈ కథ ఎవరో ఒకరు ఎత్తుకునేవారు, అందరం నవ్వేవాళ్ళం. తాతమ్మ కూడా నవ్వేది.

ఆవిడ పోయిన ఏడాది నాకు తొమ్మిదేళ్ళు. ఆ సంక్రాంతికి, నవ్వులయ్యాక, పక్కన కూర్చుని "తాతమ్మా, నీకు అప్పుడు భయం వేసిందా?" అని అడిగాను. ఆవిడ నా వైపు తిరిగి ఏదో చెప్పబోయింది. ఇంతలో మా పెద్దత్త "పెద్దవాళ్ళని అలాంటివి అడుగుతారా, వెళ్ళి ఆడుకో పో" అని కసిరింది. వెళ్ళి ఆడుకున్నాను.

ఆ జవాబు నాకు దొరకలేదు. పెద్దయ్యాక చరిత్ర పుస్తకాల్లో పడి తిరుగుతున్నప్పుడు అర్థమైందేమిటంటే, అలా దొరకని జవాబు మా ఇంట్లో ఒక్కటే కాదు. మన సంఘసంస్కరణ చరిత్ర నిండా చిన్నపిల్లలే. వాళ్ళ కోసం చట్టాలు, నాటకాలు, సభలు, తిట్లు, కోర్టు కేసులు. వాళ్ళేమన్నారు అని వెతికితే మాత్రం చేతికి తగిలేది చాలా తక్కువ.

*

ముందు ఒక లెక్క చూద్దాం. 'కన్యాశుల్కం' మనందరికీ తెలిసిన నాటకమే. 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాదాపు కొత్త నాటకమంత మార్చి మళ్ళీ అచ్చు వేశారు. డైలాగులు నోటికొచ్చినవాళ్ళు కూడా దానికి ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠిక జోలికి పోరు. అందులో ఒక పట్టిక సారాంశం ఉంది. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో డబ్బు పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాలకి జాబితా తయారు చేయించారు. మూడేళ్ళకి తేలినవి 1034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు జరిగేవని గురజాడ రాశారు. నిజం దాచిపెట్టాల్సిన అవసరం అందరికీ ఉంది కాబట్టి ఈ లెక్క కూడా పూర్తిది కాదని చెప్పారు.

ఈ పేజీ మొదటిసారి చదివినప్పుడు అందరిలాగే నేనూ ఆ ముగ్గురు ఏడాది పిల్లల దగ్గర ఆగిపోయాను. తరవాత తరవాత అయిదేళ్ళవాళ్ళ గురించి ఆలోచించడం మొదలైంది. ఏడాది పిల్లకి మాటలు రావు. అయిదేళ్ళ పిల్లకి వస్తాయి. ఆకలేస్తోందని చెప్పగలదు, వెళ్ళనని మారాం చెయ్యగలదు, ఈ ముసలాయన ఎవరని అడగగలదు. ఆ 99 మందీ ఏదో ఒకటి అనే ఉంటారు. జాబితాకి వయసు కావాలి, ధర కావాలి. పిల్ల అన్న మాటకి అందులో గడి లేదు.

*

ఇక నాటకంలోకి వస్తే, కథంతా ఒక పిల్ల చుట్టూ తిరుగుతుంది. అగ్నిహోత్రావధాన్లు తన రెండో కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి పద్ధెనిమిది వందలకి ఇవ్వబోతాడు. తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. మేనమామ కరటకశాస్త్రి పెళ్ళి తప్పించడానికి ఎత్తు వేస్తాడు. ఇంత జరుగుతున్నా, సుబ్బి నోట విన్న మాట ఒక్కటైనా మీకు గుర్తుందా? నాకు లేదు. గిరీశం, మధురవాణి, రామప్పంతులు, ఆఖరికి వెంకటేశం మాటలు కూడా గుర్తున్నాయి.

ఆ నాటకంలో పెళ్ళికూతురు మాట్లాడుతుంది, మాట్లాడకపోవడం కాదు. కాకపోతే ఆ పెళ్ళికూతురు ఆడపిల్ల కాదు. కరటకశాస్త్రి శిష్యుడు మహేశం, ఆడవేషంలో ఉన్న కుర్రాడు. వాడికి తెలివుంది, కోపముంది, తిండియావ ఉంది, తప్పించుకునే దారి కూడా ఉంది. పెళ్ళయ్యాక వేషం తీసేసి ఎంచక్కా వెళ్ళిపోతాడు. అప్పుడేమవుతుంది? కొత్త పెళ్ళికూతురు మాయమైందని లుబ్ధావధాన్లు నెత్తిన ఖూనీ కేసు పడుతుంది. 1034 మంది నిజం పిల్లలు చేతులు మారినప్పుడు నిద్రపోతున్న పోలీసులూ కోర్టులూ, అసలు పుట్టనే పుట్టని ఒక పిల్ల కోసం లేచి కూర్చుంటాయి! గురజాడ ఇది కావాలనే చేశారో లేదో గానీ, ఆ కాలంలో చట్టానికీ ఆడపిల్లకీ ఉన్న సంబంధం గురించి ఇంతకన్నా ఘాటుగా చెప్పిన సన్నివేశం నాకు తెలీదు.

గురజాడకి పిల్ల గొంతు వినబడలేదని నేననను. ముసలివాడికి అమ్ముడుపోయిన 'పూర్ణమ్మ' మాట్లాడుతుంది. తమ్ముళ్ళతో, అన్నలతో చాలాసేపే మాట్లాడుతుంది. చెరువులోకి వెళ్ళిపోయే ముందు! వేషం వేసుకున్న మగపిల్లాడికి నాటకం నిండా మాటలు, నిజం ఆడపిల్లకి వీడ్కోలు మాటలు. ఒకే రచయిత, ఒకే సమస్య. తేడా రచయితలో కంటే కాలంలోనే ఉందేమో.

*

ఆ కాలంలో దేశమంతా ఇదే గొడవ. 1884లో బెహ్రాంజీ మలబారీ బాల్యవివాహాల మీద తన వ్యాసాలు వెలువరించినప్పటి నుంచి పత్రికల్లో యుద్ధం. 1890లో కలకత్తాలో ఫూల్‌మణి దాసి కేసు. పదేళ్ళు దాటిన పిల్ల, పదకొండో ఏడో. భర్త హరిమోహన్ మైతీ ఆమెకంటే దాదాపు ఇరవయ్యేళ్ళు పెద్ద. భర్తతో గడిపిన రాత్రి రక్తస్రావమై చనిపోయింది. అప్పటి శిక్షాస్మృతి ప్రకారం భార్య విషయంలో వయసు హద్దు పదేళ్ళు. పిల్లకి పదేళ్ళు దాటాయి కనక అత్యాచారం నేరం నిలబడలేదు. నిర్లక్ష్యంగా ప్రాణానికి హాని చేశాడన్న నేరానికి ఏడాది శిక్ష పడింది.

ఆ కేసు తరవాతే 1891 మార్చిలో సమ్మతి వయసు చట్టం వచ్చింది. పదేళ్ళ హద్దు పన్నెండయింది. ఆ రెండేళ్ళ కోసం జరిగిన రభస అంతా ఇంతా కాదు. మా మతంలో మీ జోక్యమేంటని తిలక్ లాంటివాళ్ళు ఒకవైపు, సంస్కర్తలు ఇంకోవైపు. శాస్త్రాలేమంటున్నాయో పండితులు చెప్పారు, శరీరం ఏమంటుందో డాక్టర్లు చెప్పారు, సామ్రాజ్యానికి ఏది క్షేమమో దొరలు చెప్పారు. చట్టం పేరు 'సమ్మతి'. ఎవరి సమ్మతి గురించి ఆ చట్టమో, ఆ వయసు మనిషి ఒక్కరు కూడా ఈ వాదనలో పక్షం కాదు. కోర్టులో ఫూల్‌మణి తరఫున మాట్లాడింది తల్లి, అమ్మమ్మ, శవపరీక్ష.

మన దగ్గరకొస్తే, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం చేయించిన మొదటి వితంతు వివాహం ఏటా తలుచుకుంటాం. వెలివేతలకీ బెదిరింపులకీ లొంగకుండా నిలబడ్డ సాహసం అది, అందులో నాకు అనుమానం లేదు. కానీ పెళ్ళికూతురు గౌరమ్మ కూడా చిన్నపిల్లే. మొదటి పెళ్ళిలో ఆమెని ఎవరూ అడిగి ఉండరు. రెండో పెళ్ళిలో అడిగారా? సంస్కర్త ఏమన్నారో సంపుటాల కొద్దీ ఉంది. గౌరమ్మ ఏమందో చదవాలని నాకు ఉంటుంది.

*

అంటే ఆ రోజుల్లో పిల్లలకి మాట్లాడటం రాదా? వచ్చు. రెండు ఉదాహరణలు చెప్తాను.

1855. పూణేలో జ్యోతిబా, సావిత్రీబాయి ఫూలేల బడిలో చదువుకుంటున్న ముక్తా సాల్వే అనే మాంగ్ కులపు అమ్మాయికి పద్నాలుగేళ్ళు. మాంగులూ మహర్ల కష్టాల మీద మరాఠీలో వ్యాసం రాసింది. 'జ్ఞానోదయ' పత్రిక దాన్ని రెండు భాగాలుగా అచ్చు వేసింది. వేదాలు బ్రాహ్మణులవే అయితే మాకు ఏ మతమూ లేనట్టే కదా అని ఆ పిల్ల నిలదీసింది. తల మీద కప్పు లేక చలిలో, వానలో ప్రసవించే తన కులం ఆడవాళ్ళ బాధ రాసింది. చదువుకోండని తనవాళ్ళని బతిమాలింది. పద్నాలుగేళ్ళ దళిత బాలిక చేతికి పలకా బలపం వచ్చాక ఎంతో కాలం పట్టలేదు, మూడేళ్ళు చాలాయి. చెప్పాల్సింది అప్పటికే లోపల ఉంది.

రెండోది రుఖ్మాబాయి. పదకొండేళ్ళకి దాదాజీ భికాజీతో పెళ్ళి చేశారు. తను మాత్రం పుట్టింట్లోనే ఉండి చదువుకుంది. కాపురానికి పంపమని అతను బొంబాయి హైకోర్టుకెక్కాడు. నిస్సహాయమైన పసితనంలో, తన ఇష్టంతో పని లేకుండా జరిగిన పెళ్ళికి తను కట్టుబడనన్నది ఆమె వాదన. 1885లో జస్టిస్ పిన్హే ఆమె వైపు తీర్పిచ్చారు. అప్పీలులో అది తిరగబడింది. 1887 మార్చిలో జస్టిస్ ఫారన్, భర్త దగ్గరకి వెళ్ళకపోతే ఆరు నెలలు జైలన్నారు. జైలుకే వెళ్తానంది. ఈ మధ్యలో 'ఒక హిందూ స్త్రీ' పేరుతో టైమ్స్ ఆఫ్ ఇండియాకి ఉత్తరాలు రాసి, బాల్యవివాహం ఒక పిల్ల చదువుని ఎలా తుంచేస్తుందో లోకానికి చెప్పింది. చివరికి 1888లో రాజీ కుదిరింది. దాదాజీ రెండు వేల రూపాయలు పుచ్చుకుని హక్కు వదులుకున్నాడు. విశాఖపట్నం జిల్లా జాబితా పక్కన ఈ అంకె పెట్టి చూడండి. అక్కడ తండ్రులు పిల్లల్ని అమ్ముకున్నారు, ఇక్కడ ఒక పిల్ల పెద్దయ్యాక తనని తాను కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ తరవాత లండన్ వెళ్ళి డాక్టరై తిరిగొచ్చింది, సూరత్‌లోనూ రాజ్‌కోట్‌లోనూ దశాబ్దాలపాటు వైద్యం చేసింది. 1955 దాకా బతికింది.

రుఖ్మాబాయి కోర్టులో నిలబడే వేళకి చిన్నపిల్ల కాదు, ఇరవై దాటాయి. ఆమె చేసిన పని, పదకొండేళ్ళ తన తరఫున పదేళ్ళు ఆలస్యంగా "నన్నెవరూ అడగలేదు" అని చెప్పడం. చాలామందికి ఆ అవకాశం కూడా రాదు. మా తాతమ్మకి రాలేదు.

*

శారదా చట్టం 1929లో వచ్చింది, 1930 ఏప్రిల్ నుంచి అమలు. ఆడపిల్లకి 14 ఏళ్ళు, మగపిల్లాడికి 18. అప్పటికి మా తాతమ్మ కాపురానికి వచ్చేసింది. ఇప్పుడు ఆడపిల్లకి 18 నిండాలి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 18 నిండకుండానే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. మళ్ళీ లెక్కలే! పిల్లల్ని లెక్కపెట్టడంలో మనం మొదట్నుంచీ మెరుగే.

అడగడంలో కూడా ఏదో మారింది, లేదనను. పిల్లలకి సంబంధించిన ప్రతి విషయంలో వాళ్ళ అభిప్రాయం వినాలి, వయసుని బట్టి, పరిణతిని బట్టి దానికి విలువివ్వాలి అని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక పన్నెండో అధికరణం చెప్తుంది. 1992లో మన దేశం అందులో చేరింది. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో 1991 నుంచి శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ పనిలోంచి, బడికి పోయి చదువుకోవాలన్న కోరిక పేదింటి పిల్లలకీ తల్లిదండ్రులకీ కూడా ఉందని బయటపడింది. అప్పటిదాకా పిల్లలు పనిలోకి పోవడం వాళ్ళ ఇష్టమే అన్నట్టు మాట్లాడుకునేవాళ్ళం.

నన్ను ఎక్కువ పట్టుకున్నది 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టంలో మూడో సెక్షన్. చిన్నతనంలో పెళ్ళి జరిగిపోయిన పిల్ల, మైనారిటీ తీరాక రెండేళ్ళ లోపు కోర్టుకెళ్ళి ఆ పెళ్ళిని రద్దు చేయించుకోవచ్చు. అంటే ఇరవై ఏళ్ళు నిండేలోగా. రుఖ్మాబాయి అడిగిందీ ఇంచుమించు ఇదే, నూట ఇరవై ఏళ్ళ తరవాత చట్టమైంది. రెండు వేలు కట్టక్కర్లేదు, జైలుకి సిద్ధపడక్కర్లేదు. పక్షం కూడా ఆమే, పెద్దలు కాదు.

కాగితం మీద బావుంది. కానీ పద్ధెనిమిదేళ్ళ అమ్మాయి, బహుశా చంకలో బిడ్డతో, అత్తగారింటి నుంచి కోర్టుదాకా ఎవరి తోడుతో వెళ్తుంది? బస్సు చార్జీలెవరిస్తారు? అంతకన్నా ముందు, అలాంటి సెక్షన్ ఒకటుందని ఆమెకి ఎవరు చెప్తారు? ఇంట్లో "ఇలాంటివి మాట్లాడతారా" అని కసిరే గొంతు ఉన్నంత కాలం, చట్టంలో ఇచ్చిన నోరు ఇంట్లో తెరుచుకోదు.

మొన్న సంక్రాంతికి మళ్ళీ ఎవరో తాతమ్మ కథ ఎత్తారు. పీటలు, నిద్ర, తలంబ్రాలు, "ఇంటికెళ్ళిపోదాం." అందరూ నవ్వారు. మా అక్క కూతురికి ఎనిమిదేళ్ళు. అది నవ్వలేదు. "మరి తీసుకెళ్ళారా?" అని అడిగింది.

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. కసరడానికి పెద్దత్త ఇప్పుడు లేదు. "లేదమ్మా, తీసుకెళ్ళలేదు" అని నేనే చెప్పాను. అది ఎందుకని అడిగింది. తెలిసినంత వరకూ చెప్పడం మొదలుపెట్టాను.