రాత్రి నన్నయది, ఉదయం ఎర్రనది

కార్తీకం వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం నల్లరేగడి చేలల్లో పత్తికాయ పగులుతుంది. వానలు వెలిసి ఆకాశం కడిగినట్టుంటుంది. ప్రకృతి ఎదురుపడినప్పటి విస్మయాన్ని పద్యంలో పట్టే విద్య తెలుగులో ఎలా పెరిగిందో చెప్పాలంటే ఈ శరత్తు నుంచే ఎత్తుకోవాలి. ఆ కథలో సగం అద్దంకిది.

అద్దంకికి పద్యం కొత్త కాదు. 9వ శతాబ్దిలోనే పండరంగడి శాసనంలో తరువోజ పద్యం చెక్కారు. అది యుద్ధ విజయాల పద్యం. ఋతువర్ణన వచ్చిన దారి వేరు. మహాకావ్యంలో ఋతువులు, సూర్యోదయ చంద్రోదయాలు ఉండాలని దండి కావ్యాదర్శంలో చెప్పాడు. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరంలో నన్నయ ఆ సంప్రదాయాన్ని తెలుగు భారతంలోకి తెచ్చాడు. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, పాండవుల వనవాసంలో శరత్తు వచ్చిన ఘట్టంలో వెన్నెల రాత్రుల మీద ఒక ఉత్పలమాల చెప్పాడు. ఆయన భారతం అక్కడే ఆగిపోయింది. 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన భాగం 14వ శతాబ్దిలో ఎర్రన చేతికి వచ్చింది. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి ఆయన.

నన్నయ రాత్రి దగ్గర ఆపితే ఎర్రన తెల్లవారడంతో మొదలుపెట్టాడు. ఎన్నుకున్న వృత్తం చంపకమాల. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల. 20 అక్షరాలు 21 అవుతాయి. మిగతా నడకంతా అదే, తొలి అడుగు మాత్రం చురుగ్గా పడుతుంది.

చూపు మాత్రం పూర్తిగా మారింది. నన్నయ రాత్రుల పేరు మొదట్లోనే చెప్పేసి, చుక్కల హారాలు, కలువల వాసన మోసే గాలి, కర్పూరపు పొడిలాంటి వెన్నెల ఒకదాని వెంట ఒకటి తెస్తాడు. ఎర్రన ముందు ఎరుపు చూపిస్తాడు. తర్వాత మబ్బులు తొలగడం, తామరలు విచ్చుకోవడం, హంసలు, బెగ్గురుపక్షులు, తుమ్మెదల రొద. ఇవన్నీ అయ్యాక, చివరి పాదంలో గానీ అవి ఉదయాలని చెప్పడు. పొద్దున్నే చేలోకి వెళ్లిన మనిషికీ అంతే కదా, ముందు కంటికీ చెవికీ తగులుతుంది, పేరు తర్వాత తోస్తుంది. విస్మయం పుట్టేది ఆ ఆలస్యంలోనే అని నా నమ్మకం. ఈ చేలకు ఇప్పుడు ఎరుపు తెచ్చే మిరప అప్పటికింకా మన దేశానికే రాలేదు, 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు తెచ్చిన పంట అది. ఎర్రన పద్యంలోని ఎరుపంతా సూర్యుడిదే.

ఇంత చేసీ ఆ అరణ్యపర్వశేషాన్ని తన ప్రభువుకు కాక, నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. అది తలుచుకుంటే ఎర్రన మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

ఆ తర్వాతి పెద్ద మలుపు కోసం 20వ శతాబ్ది దాకా వస్తాను. గుంటూరు జిల్లా కొమ్మూరులో 1912లో పుట్టిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపం' రాశారు. మొదలు మళ్లీ ఉత్పలమాలే. పొడవాటి సమాసాల పటాటోపం లేదు, రోజూ ఇంట్లో వినే మాటలే. పూజకు పూలు కోద్దామని కొమ్మ వంచిన మనిషిని పువ్వే నిలదీస్తుంది. అంతదాకా కవి చూస్తుంటే ప్రకృతి ఊరుకుంది. ఇక్కడ నోరు విప్పింది. ఘంటసాల పాడాక, చదువు రానివాళ్లకూ ఆ పువ్వు మాటలు కంఠతా వచ్చాయి.