ఎండ కాచిన కొలను

ఇత్తడి గంగాళం నిండా నీళ్ళు పోసి, పెరటిలో ఎండ తగిలేచోట ఉంచి, పొద్దెక్కిన తరువాత ఆ నీళ్ళతో పసిబిడ్డకు స్నానం చేయించడం మన ఇళ్ళలో పెద్దవారికి తెలియనిది కాదు. పొయ్యి రాజేయలేదు, కట్టె కాల్చలేదు; నీళ్ళు మాత్రం కాగినవి. ఇంత చిన్న గృహకృత్యానికి గూడ ఒక చరిత్ర ఉన్నది. అది పోయి చేరిన చోటు కొంత వింత అయినదే: అమెరికాలోని సంపన్నగృహాల పెరటి ఈతకొలను.

ఎండకూ స్నానానికీ ముడిపెట్టినవారిలో రోమనులు పూర్వులు. స్నానశాలలోని వేడిగదులు శీతకాలపు సూర్యాస్తమయదిశకు, అనగా నైరుతికి, అభిముఖంగా ఉండవలెనని క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దిలో విట్రూవియస్ తన వాస్తుగ్రంథంలో వ్రాసినాడు. వారు స్నానానికి వచ్చేది మధ్యాహ్నం మొదలు సాయంకాలం వరకు గనుక ఆ దిక్కు అనుకూలమైనది. రోముకు సమీపాన తివోలీవద్ద హేడ్రియన్ చక్రవర్తి 2వ శతాబ్దిలో నిర్మింపజేసిన సౌధంలో ఒక గుండ్రని స్నానశాల ఉన్నది. దాని మధ్య నీటితొట్టి, నైరుతివైపున విశాలమైన గవాక్షాలు. ఇట్టి గదిని వారు హీలియోకామినస్ అనేవారు. 'సూర్యుని కొలిమి' అని దాని అర్థం. ఇట్టి గదికి ఎండ రాకుండ పొరుగువాడు అడ్డు కట్టరాదని ఉల్పియన్ అనే న్యాయవేత్త చెప్పిన మాట 6వ శతాబ్దిలో జస్టీనియన్ చక్రవర్తి కూర్పించిన ధర్మసంగ్రహంలోకి గూడ ఎక్కినది. ఇంటికి గాలి, వెలుతురు కావలెనని తగవులాడినవారిని మనము చూచినాము. ఎండకోసం న్యాయస్థానానికి ఎక్కిన జాతి అది. అంతమాత్రాన రోమను స్నానశాలలలో కట్టెలు కాలలేదనుకొనరాదు. నేల అడుగున మంటల వేడి పారుతూనే ఉండేది. ఎండ దానికి తోడు, అంతే.

ఎండవేడిని పట్టి నిలిపే ఉపాయాన్ని శాస్త్రీయంగా పరీక్షించినవాడు జెనీవా నగరవాసి హోరస్ డి సొస్యూర్. 1767లో ఆయన ఒకదానిలో ఒకటి ఇమిడే అయిదు గాజుపెట్టెలను నల్లని బల్లపై అమర్చి ఎండలో ఉంచినాడు. తరువాత చెక్కపెట్టెకు లోపల నల్లని బెండు పరచి, మీద మూడు గాజుపలకలు కప్పి చూడగా లోపలి వేడి 109 డిగ్రీల సెంటిగ్రేడుకు ఎక్కినది. నీరు మరగడానికి మించిన వేడి! ఇందలి రహస్యం సులభమైనదే. వెలుతురు గాజుగుండా లోనికి పోతుంది. నలుపు దానిని వేడిగా మార్చుతుంది. ఆ వేడి బయటికి పోబోతే గాజు అడ్డుపడుతుంది.

ఈ వేడిపెట్టె శాస్త్రజ్ఞుల బల్లమీదినుండి ఇంటికప్పు మీదికి చేరడానికి నూరేండ్లకు పైగా పట్టినది. 1891లో అమెరికాలోని బాల్టిమోరు నగరంలో క్లారెన్స్ కెంప్ అనే ఆసామి ఒక పేటెంటు పొందినాడు. నల్లరంగు పూసిన ఇనుపతొట్లను గాజుమూత గల చెక్కపెట్టెలో అమర్చి ఇంటికప్పుపై పెట్టడమే ఆయన యుక్తి. దానికి క్లైమాక్స్ అని పేరు, 25 డాలర్లు వెల. మొదట కెంప్ ఎవరిని ఉద్దేశించి ప్రకటనలు వేసినాడో వింటే నవ్వు వస్తుంది. భార్యలు పనివారిని వెంటబెట్టుకొని వేసవి విడుదులకు తరలిపోగా, ఇంట ఒంటరిగా మిగిలి పొయ్యి రాజేయనేరని మగవారికి! కాని అసలు గిరాకీ ఆ ఊరిలో రాలేదు. ఎండ మెండుగా ఉండి, బొగ్గు దూరదేశాలనుండి రావలసిన దక్షిణ కాలిఫోర్నియాలో వచ్చినది. 1897 నాటికి పాసడీనా పట్టణంలో నూటికి ముప్పది ఇళ్ళు ఎండనీళ్ళతో స్నానం చేస్తున్నవి.

క్లైమాక్సులో ఒక లోపం ఉండేది. నీరు కాగే పాత్ర, నిలువ ఉండే పాత్ర ఒకటే గనుక, పొద్దుగూకగానే నీరు చల్లబడి మరునాటి ఉదయానికి పనికిరాకపోయేది. 1909లో విలియం బెయిలీ ఈ రెండింటినీ వేరుచేసినాడు. ఎండలో ఉండేది సన్నని రాగిగొట్టం, దాని వెనుక నల్లని రాగిరేకు, మీద గాజు. కాగిన నీరు తేలిక గనుక తనంతట తానే పైకి పోయి, ఎత్తున అమర్చి చుట్టూ దళసరిగా కప్పిన టాంకిలో చేరుతుంది. చల్లని నీరు కిందికి దిగివస్తుంది. పంపుతో పనిలేదు. రాత్రి కూడ వేడినీరు దొరుకుతుంది గనుక దానికి 'డే అండ్ నైట్' అని పేరు పెట్టినాడు. 1913లో కాలిఫోర్నియాలో విపరీతమైన చలి వచ్చి గొట్టాలలోని నీరు గడ్డకట్టి అవి పగిలిపోగా, ఆ గొట్టాలలో ఆల్కహాలు కలిపిన నీటిని వేరుగా తిరుగనిచ్చి, ఆ వేడిని టాంకిలోని నీటికి అందించే మార్గం కనిపెట్టినాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేలోగా నాలుగు వేలకు మించి ఇట్టి యంత్రాలు అమ్ముడుపోయినవి.

తరువాత ఏమైనది? యంత్రం చెడిపోలేదు, ఎండ తగ్గలేదు. 1920 తరువాత లాస్ ఏంజెలెస్ పరిసరాలలో సహజవాయువు పుష్కలంగా బయటపడి చౌకగా ఇంటింటికీ వచ్చినది. బెయిలీ తానే గ్యాస్ హీటర్లు చేసి అమ్మసాగినాడు. వ్యాపారి తప్పు పట్టలేము గాని, ఆయన పూర్వపు యంత్రాన్ని ఆయన కొత్త యంత్రమే చంపినదన్నమాట కాదనలేము. సూర్యతాపకం అక్కడినుండి ఫ్లోరిడాకు వలసపోయి మయామీలో రెండవసారి వర్ధిల్లినది. అక్కడ 1941 నాటికి సగానికి పైగా జనం ఎండ కాచిన నీటినే వాడేవారట. యుద్ధం వచ్చి రాగి కరవైనది. యుద్ధానంతరం కరెంటు చౌకయినది. ఒక తరంలోనే ఆ కప్పులమీది పెట్టెలు తుప్పుపట్టిన సామానుగా మిగిలిపోయినవి. ఇంటింటా ఉండిన విద్యను ఇంత త్వరగా మరచిన ఉదాహరణలు చరిత్రలో ఎక్కువ లేవు.

ఈతకొలను కథ ఇక్కడ మొదలవుతుంది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత కాలిఫోర్నియాలో మధ్యతరగతివారు గూడ పెరటిలో కొలనులు తవ్వించుకొనసాగినారు. అక్కడి రాత్రులు చల్లనివి. వసంతంలోను, శరత్కాలంలోను కొలనునీటిలో దిగితే ఒళ్ళు జిల్లుమంటుంది. అందుకని గ్యాసు మండించి కాచేవారు. పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటరు లోతు గల కొలనులో 75,000 లీటర్ల నీరు పడుతుంది. దానిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి 87 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావలెను. అయిదారు డిగ్రీలు పెంచి, రాత్రి కోల్పోయినదంతా మరునాడు మళ్ళీ భర్తీచేయడం ఎంత వ్యయమో గృహిణులకు నేను చెప్పనక్కరలేదు.

అయినా ఈ పెద్దలెక్కలోనే ఒక సౌలభ్యం దాగి ఉన్నది. వంటకు, స్నానానికి వలె కొలనుకు సలసల కాగే నీరు అక్కరలేదు. 27 డిగ్రీలుంటే చాలు. కాచే గొట్టానికీ బయటి గాలికీ వేడిలో తేడా ఎంత తక్కువగా ఉంటే పోయే వేడి అంత తక్కువ. అప్పుడు మీద గాజు దేనికి? పైగా గాజు తనమీద పడిన వెలుతురులో నూటికి ఎనిమిది పాళ్ళు వెనుకకు కొట్టివేస్తుంది. గాజు తీసివేస్తేనే లాభం! వేడి నిలువచేసే టాంకి దేనికి? కొలనే టాంకి. పంపు దేనికి కొనవలెను? నీటిని వడపోయడానికి కొలనుకు పంపు ముందే ఉన్నది. రాగి దేనికి? ఇంత కొద్ది వేడికి ప్లాస్టిక్ తట్టుకొంటుంది. సొస్యూరు మొదలు బెయిలీ వరకు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చేర్చుతూ వచ్చినారు; కొలనుకోసం పనిచేసినవారు వాటిని ఒక్కొక్కటిగా తీసివేసినారు. చివరకు మిగిలినది సన్నని కాలువలు గల నల్లని ప్లాస్టిక్ చాప. నాకు ఈ చరిత్రలో అన్నింటికంటె తెలివైన ఘట్టం ఇదే అనిపిస్తుంది.

ఇట్టి చాపలను తయారుచేసి అమ్మడానికి ఫ్రీమన్ ఫోర్డ్ కాలిఫోర్నియాలో 1969లో ఫాఫ్కో అనే సంస్థను నెలకొల్పినాడు. నాలుగేండ్లకే, 1973 అక్టోబరులో, అరబ్బుదేశాలు చమురు ఎగుమతి ఆపినవి. పీపా మూడు డాలర్లుండిన చమురు మరుసటి సంవత్సరం మొదటికి పన్నెండు డాలర్ల దాపుకు వచ్చినది. పాసడీనా తాతలు చేసిన పనిని మనుమలు కొత్తవిద్యగా మళ్ళీ నేర్వసాగినారు. 1978లో అమెరికా ప్రభుత్వం ఎండయంత్రాలు పెట్టుకొన్న ఇళ్ళవారికి ఆదాయపు పన్నులో రాయితీ కల్పించినప్పుడు, వేడిని నిలువచేసే పాత్రగా ఈతకొలనును వాడితే ఆ ఖర్చును లెక్కలోకి తీసుకొనలేదు. విలాసానికి ప్రజాధనమా అన్న సంకోచం సహజమే. కాని విలాసమని గ్యాసు మండడం ఆగదు గదా!

చాప పరిమాణం కొలను ఉపరితలంలో సగం మొదలు అంతకు సమానం వరకు ఉండవలెనని లెక్క. కప్పుమీది వేడి కొలనులోని వేడికంటె హెచ్చుగా ఉన్నప్పుడే ఒక మీట తెరుచుకొని నీరు పైకి పోతుంది; మబ్బు కమ్మితే మూసుకొంటుంది. మిక్కిలి వేడిప్రాంతాలలో దీనిని తలకిందులు చేసి, రాత్రివేళ నీటిని కప్పుమీదికి పంపి చల్లార్చడమూ ఉన్నది. మన రెంటచింతల ఎండలకు ఈ రెండవ ఉపయోగమే తగినది. ఇంతచేసినా కొలనుమీద రాత్రి ఒక దుప్పటి కప్పకపోతే చాలవరకు వృథా. కొలను కోల్పోయే వేడిలో నూటికి డెబ్బది పాళ్ళు నీరు ఆవిరి కావడంవల్లనే పోతుంది. మన మట్టికుండలో నీరు చల్లబడేది ఈ సూత్రంవల్లనే.

1979 జూన్ 20న అధ్యక్షుడు కార్టర్ పత్రికలవారి సమక్షంలో వైట్ హౌస్ కప్పుమీద 32 సూర్యతాపకాలను ప్రారంభించినాడు. ఒక తరం తరువాత అవి మ్యూజియంలో వింతవస్తువు అయినా కావచ్చునని, గొప్ప ప్రయత్నానికి నాంది అయినా కావచ్చునని ఆయన ఆనాడే అన్నాడు. చమురు మళ్ళీ చౌకయినది. రీగన్ కాలంలో, 1986లో, కప్పు మరమ్మతుకని దింపినవాటిని తిరిగి ఎక్కించలేదు. కొన్నేండ్లు గిడ్డంగిలో పడి ఉండి, తరువాత మెయిన్ రాష్ట్రంలోని యూనిటీ కళాశాలకు చేరి అక్కడి భోజనశాలకు నీరు కాచినవి. వాటిలో ఒకటి నిజంగానే వాషింగ్టనులోని స్మిత్సోనియన్ మ్యూజియానికి పోయినది.

ఆ దేశంలో ఎండయంత్రాల వ్యాపారం అట్లు కుప్పకూలిన కాలంలో గూడ కొలనుచాపలు అమ్ముడుపోతూనే ఉన్నవి. 1990 దరిమిలా అక్కడ తయారైన సూర్యతాపకాల వైశాల్యంలో అధికభాగం ఈతకొలనులకోసమే. వైట్ హౌసుకు గూడ ఎండ ఆ దారినే తిరిగివచ్చినది. జార్జి డబ్ల్యు. బుష్ అధ్యక్షుడుగా ఉండగా, 2003 నాటికి, ఆవరణలోని ఒక పనివారి భవనంమీద సూర్యఫలకాలు వెలసినవి. అధ్యక్షుని ఈతకొలనుకు నీరు కాచే తాపకాలు కొలను ప్రక్కనున్న చిన్నగది కప్పుపై అమరినవి. 1979 నాటి ఆర్భాటం ఈసారి లేదు.