సైలెన్సర్ మార్పు – ఆక్సిజన్ సెన్సర్

బండికి కంపెనీ సైలెన్సర్ తీసి మరొకటి బిగిస్తే చెవికి తెలిసేది చప్పుడు; తెలియకుండా తప్పేది ఆక్సిజన్ సెన్సర్ లెక్క. ఇంజన్ నుంచి వచ్చే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను ఇది పసిగట్టి ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్ ఈసీయూకు చెబుతుంది. సాధారణ రకం సెన్సర్ పెట్రోలు–గాలి మిశ్రమం చిక్కగా ఉంటే సుమారు 0.9 వోల్టులు, పలచబడితే 0.1 వోల్టు చూపుతుంది. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి ఉండాలన్నది గురి.

కొత్త సైలెన్సర్ బిగించేటప్పుడు సెన్సర్‌కు ముందున్న గాస్కెట్ దగ్గర సన్నని సందు మిగిలినా బయటిగాలి చొరబడుతుంది. పెట్రోలు చాలడం లేదని ఈసీయూ భ్రమపడి ఇంకా పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, స్పార్క్ ప్లగ్ నల్లగా మసిబారుతుంది. నింద మాత్రం ఇంజన్ మీద పడుతుంది! సైలెన్సర్‌తో పాటు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పీకేస్తే, దాని వెనుక రెండో సెన్సర్ ఉన్న కార్లలో సాధారణంగా చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది.

ఇలాంటి మార్పులతో బండి శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటి తప్పుకే 3 నెలల వరకు జైలు, రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.