కీలుకీలుకూ కందెన

ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో మసి కలిపిన కందెన పెట్టడం మన రైతుకు తరతరాలుగా తెలిసిన పని. మోటారు బండి వచ్చాక కందెన అడిగే చోట్లు ఒకటీ రెండూ కాకుండా పోయాయి. స్ప్రింగ్ పట్టీల షాకిళ్లు, ముందు చక్రాలు పక్కకు తిరిగే కింగ్ పిన్నులు, స్టీరింగ్ రాడ్ల చివరలు, అన్నీ దుమ్మూ బురదా కొట్టే చోటే. తొలినాళ్ల కార్లలో చాలా కీళ్లకు గ్రీజు కప్పులుండేవి. మూత బిగిస్తే కాస్త గ్రీజు లోపలికి దిగేది. గట్టిపడిన పాత గ్రీజును కదిపే బలం దానికి లేదు.

ఆ బలాన్ని తెచ్చినవాడు షికాగోకు చెందిన ఆర్థర్ గుల్‌బోర్గ్. 1916 ప్రాంతంలో తండ్రి ఫ్యాక్టరీ యంత్రాల కోసం ఒత్తిడితో గ్రీజు ఎక్కించే గన్ను తయారుచేశాడు. ఆ పద్ధతి ఆలమైట్ పేరుతో ప్రసిద్ధికెక్కింది. ఆస్ట్రియాలో పుట్టిన ఆస్కార్ జెర్క్ పేరుతో 1929లో అమెరికా పేటెంటు పొందిన నిపుల్ పనిని ఇంకా తేలిక చేసింది. గన్ను మూతిని నిపుల్ తలకు ఆనించి నొక్కితే చాలు. లోపలి చిన్న ఉక్కు గుండు వెనక్కి జరిగి గ్రీజుకు దారిస్తుంది, ఒత్తిడి ఆగగానే స్ప్రింగు దాన్ని మళ్లీ మూసేస్తుంది.

ఈ నిపుల్ గొప్పతనం జారుడు ఇవ్వడంతో ఆగదు. కొత్త గ్రీజు వెళుతూ వెళుతూ పాతదాన్ని, దానిలో చిక్కిన ఇసుకనూ నీటినీ అంచుల నుంచి బయటికి నెట్టేస్తుంది. కీలును విప్పకుండానే కడిగినట్టు. అందుకే శుభ్రమైన గ్రీజు బయట కనిపించేదాకా కొట్టాలంటారు. కింగ్ పిన్నుకైతే ముందు యాక్సిల్‌ను జాకీ మీద లేపాలి. బరువు మీదుంటే అదిమిన ముఖాల మధ్యకు గ్రీజు చేరదు. ఈ శ్రమ తప్పించుకుని గన్ను కొడితే సగం పనే.

అన్ని కీళ్లకూ గ్రీజే మందు అనుకోవడమూ పొరపాటే. 1959 నాటి ట్రయంఫ్ హెరాల్డ్ కారు ముందు చక్రాల ట్రనియన్లకు, అంటే స్టీరింగ్‌తో పాటు తిరిగే మర కీళ్లకు, గేరు ఆయిలే పట్టాలి. అది కరువైతే మరలు పట్టేసి, వాటిలో బిగిసే నిలువు లింకు విరగొచ్చు.

కారు యజమానికి మాత్రం ఈ చాకిరీ తగ్గుతూ వచ్చింది. రబ్బరు బుష్ ఒరుసుకోకుండా మెలితిరుగుతుంది కాబట్టి దానికి గ్రీజు అక్కర్లేదు. 1952లో లింకన్ కార్ల ముందు చక్రాలకు కింగ్ పిన్నుల బదులు బాల్ జాయింట్లు వచ్చాయి. తరవాత వాటిని రబ్బరు బూటుతో మూసి, నిపుల్ తీసేశారు. మన దగ్గర మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన అంబాసిడర్‌కు గ్రీజింగ్ తప్పనిసరి. 1983లో వచ్చిన మారుతి 800తో ఆ అలవాటే తగ్గిపోయింది.

సౌకర్యమే, కాదనను. కానీ ఇలా మూసిన కీళ్లలో ‘జీవితకాలానికి సరిపడా గ్రీజు’ అంటే అది కీలు జీవితకాలం, కారుది కాదు. బూటు చిరిగి నీళ్లు చేరితే బయటికి నెట్టే దారి లేదు. చాలా కార్లలో ఆ కీలు ఉన్న సస్పెన్షన్ ఆర్మ్ మొత్తం మార్చాల్సిందే.

లారీల సంగతి వేరు. విజయవాడ ఆటోనగర్‌లో గ్రీజు గన్నుకు ఇప్పటికీ తీరిక లేదు. టన్నుల బరువు మోసే షాకిల్ పిన్నుకు నిపులే సరైన ఏర్పాటని నా గట్టి నమ్మకం. పెద్ద బస్సులు, లారీలు కొన్నింటిలో ఒకే పంపు గొట్టాల ద్వారా కీలుకీలుకూ గ్రీజు పంపుతోంది. జోసెఫ్ బిజుర్ 1920ల్లోనే ఖరీదైన కార్లకు నూనెతో చేసిన ఏర్పాటు ఇలాంటిదే. ఏ కీలుకు వెళ్లే గొట్టం తెగితే ఆ కీలు ఎండిపోతుంది, కనుక బండి కిందకి దూరి చూసే మనిషి ఇప్పటికీ కావాలి.