సిగరెట్టుపొట్లములలోని నటీమణుల చిత్రములు

అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1880వ దశాబ్దమున సిగరెట్లు పలుచని కాగితపుఁ బొట్లములలో నమ్ముడుపోవుచుండెను. అవి నలఁగకుండుటకై లోపల నొక చిన్న యట్టముక్క నుంచెడివారు. వట్టియట్టను వ్యర్థము సేయ నేల యని కాఁబోలు, రిచ్మండునందలి ఆలెన్-జింటరు సంస్థయు, న్యూయార్కునందలి కిన్నీ సోదరులును, డర్హామునందలి డ్యూకు సంస్థయు దానిపైఁ జిత్రములు ముద్రింపించిరి. పక్షులు, పతాకములు, మల్లురు మున్నగునవి పెక్కులు గలవు గాని నాటకశాలల నటీమణుల చిత్రములు మిక్కిలి విస్తారము.

ఇది కేవలము రూపాభిమానము చేతఁ గలిగినది కాదు. జేమ్సు బాన్సాకు నిర్మించిన యంత్రమును డ్యూకు 1884లో వాడుకలోనికిఁ దెచ్చెను. అది దినమునకు లక్షకుఁ బైఁబడిన సిగరెట్లను జుట్టఁగలదు. సరకు పెరిగెను, కొనువారును బెరుగవలెను గదా! ఒక చిత్రము దొరికినవాఁడు తక్కినవానికై మరల పొట్లమును గొనును. డ్యూకు తండ్రి వాషింగ్టను డ్యూకు, మతనిష్ఠ గలవాఁడు, యిట్టి శృంగారచిత్రములు యువజనులకుఁ గీడు సేయునని 1894లోఁ గుమారునికి లేఖ వ్రాసెను. ఆయన చింత చూచువారిని గూర్చినది. చూడఁబడినవారి మాట వేఱు.

కొన్ని చిత్రముల క్రింద నటి పేరు గలదు. పెక్కింటిపై సిగరెట్టు పేరే కాని యామె పేరు లేదు. జెఫర్సను బర్డికు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున కొసఁగిన మూఁడులక్షలకు మించిన ముద్రితపత్రములలో నిట్టి యట్టలును గలవు. ఛాయాచిత్రమునకుఁ గర్తృత్వము ఛాయాగ్రాహకునిదే యని సరోనీ వ్యాజ్యమున 1884లో నమెరికా సుప్రీముకోర్టు నిర్ణయించెను. వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలసినచో నాతఁడు కర్త; నటి కర్మమాత్రము. ఆ కర్మమునకును సమ్మతి యుండవలదా?

ఈ ప్రశ్నను న్యాయస్థానమున కెక్కించినది మేరియన్ మనోలా యను గాయకనటి. 1890లో న్యూయార్కు బ్రాడ్వే నాటకశాలలో నామె బిగుతుదుస్తులు ధరించి నటించుచుండఁగా, నాటకసమాజపు మేనేజరును ఛాయాగ్రాహకుఁడును గలిసి, ప్రేక్షకులుండు బాక్సునుండి మెఱపుదీపపు వెలుఁగున నామె చిత్రమును దొంగతనముగఁ దీసిరి. వేలమంది యెదుట నిలుచు నటికి మఱుఁగేమి యని యనువారుండవచ్చును. నాటకమునకై నిలుచుట వేఱు, చిత్రమై యంగళ్లఁ దిరుగుట వేఱు. ఆమె నిషేధాజ్ఞను గోరెను, ప్రతివాదులు రాలేదు, తాత్కాలికాజ్ఞ లభించెను. ఆ యేఁటనే వారెను, బ్రాండైసు అను న్యాయవాదులు ఏకాంతహక్కును గూర్చి వ్రాసిన ప్రసిద్ధవ్యాసమున నీ వ్యాజ్యమును బేర్కొనిరి.

ఐనను 1902లో, పిండిసంచుల ప్రకటనలలోఁ దన చిత్రమును వాడిరని మొఱపెట్టిన యొక యువతికి న్యూయార్కు ఉన్నతన్యాయస్థానము హక్కు లేదనెను. ప్రజ లాగ్రహించిరి. మఱుసటి యేఁడు, 1903లో, వ్రాఁతమూలకమైన సమ్మతి లేక జీవించియున్నవారి పేరుగాని చిత్రముగాని వర్తకమునకు వాడుట నేరమని యా రాష్ట్రము శాసించెను. అప్పటికే, 1890లో డ్యూకు మొదలగు నైదు సంస్థ లేకమై అమెరికన్ టొబాకో కంపెనీ యేర్పడినందునఁ బోటీ సన్నగిల్లి, యా తొలినాఁటి చిత్రముల వెల్లువ తగ్గియుండెను.