మోట పాటలో లేని మనిషి

శ్రమ నుంచి పాట పుట్టిందన్న మాటను మనం చాలా సులువుగా అంటాం. ఆ శ్రమలో ఎవరెవరి చేతులున్నాయని మాత్రం అరుదుగా అడుగుతాం. ఈ ఆరోపణ ముందుగా నామీద నేనే చేసుకుంటున్నాను. కొన్నేళ్ల కిందట మోట పాటల మీద నేనొక వ్యాసం రాశాను. బావి, ఎడ్లు, మోకు, రైతు, ఆ రైతు గొంతు - వీటి మధ్య లయ ఎలా కుదిరిందో వివరించాను. పనికీ లయకూ గల సంబంధం గురించి కార్ల్ బ్యూషర్ 1896లో రాసిన పుస్తకాన్నీ, కవిత్వ పుట్టుక గురించి జార్జ్ థామ్సన్ చెప్పినదాన్నీ సాక్ష్యానికి పిలిచాను. మిత్రులు బాగుందన్నారు. ఆ వ్యాసంలో ఒక మనిషి లేడు. లేడన్న సంగతి నాకు తట్టనైనా లేదు.

దాన్ని తట్టేలా చేసినవాడు మా ఊరి మాదిగవాడలోని ఒక వృద్ధుడు. ఎనభై దాటిన మనిషి. జానపద గేయాల పాఠం చెప్పేటప్పుడు, మోటను కళ్లతో చూసినవాళ్లు పిల్లలకు దాని సంగతి చెబితే బాగుంటుందని ఆయనను బడికి పిలిచాను. మా తాత బావి దగ్గర మోట కొట్టిన రోజులు ఆయన ఎరుగును. పిల్లల ముందు నేను నా వ్యాసంలోని సంగతులే మళ్లీ చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. "అన్నీ మంచిగనే చెప్పిండ్రు సారు. మరి బొక్కెన ఎవలు కుట్టిండ్రు?" అన్నాడు. నేను తడుముకుంటుంటే తనే అన్నాడు: "మీ తాతకు బొక్కెన కుట్టింది మా నాయిన."

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు బదులు వెతుక్కునే ప్రయత్నం.

మన నేల మీద సాగునీటి చరిత్ర అనగానే చెరువు గుర్తొస్తుంది. చెరువుకు శాసనం ఉంది గనుక. 1213 నాటి రామప్ప గుడి శాసనంతో రేచర్ల రుద్రుడి పేరు నిలిచిపోయింది. గుడి పక్కనున్న చెరువుతోనూ ఆ పేరే కలిపి చెప్పుకుంటాం. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి. తవ్వించినవాడికి పుణ్యమూ కీర్తీ రెండూ దక్కుతాయి. కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువుకు 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను అది వరసగా చెబుతుంది. రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారనీ, రాళ్లు తోలడానికి వంద బండ్లు నడిచాయనీ, రెండేళ్లు పట్టిందనీ కూడా చెబుతుంది. కూలీల ఊసెత్తిన అరుదైన శాసనాల్లో అదొకటి. అయినా అందులో వాళ్లు ఒక అంకె మాత్రమే. పేరు రాజుది, లెక్క కూలీలది.

చెరువు నీరు తూము దాటితే పల్లానికి తనంతట తానే పారుతుంది. చెరువు కింద పొలం లేనివాడి సంగతి వేరు. అతని నీరు నేలకు దిగువన, బావిలోనో వాగులోనో ఉంటుంది. దాన్ని ఎత్తాలి. ఎత్తడానికి మన రైతాంగం మూడు పరికరాలను ముఖ్యంగా వాడింది. నీటి మట్టం కొంచెం దిగువన ఉన్నచోట గూడ: ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, తాళ్లు పట్టుకుని ఊపి కాలువలోని నీటిని గట్టుమీదికి చిమ్ముతారు. ఇంకొంచెం లోతైతే ఏతం: స్తంభం మీద అడ్డంగా నిలిపిన పొడవాటి దూలం మీద ఒకరో ఇద్దరో ముందుకూ వెనక్కూ నడుస్తుంటే, ఆ బరువుకు దూలం ఒరిగి లేచి బానను ముంచుతుంది, ఎత్తుతుంది, కింద నిలబడినవాడు దాన్ని ఒంపుతాడు. ఈ ఏతాన్ని ఇంగ్లీషు దొరలు 'పికోటా' అన్నారు. అది పోర్చుగీసు మాట. ఓడలో నీళ్లు తోడే పంపు పిడికి నావికులు పెట్టుకున్న పేరు. మన పరికరానికి మన మాట ఉండగా, పాలకుల కాగితాల్లోకి ఎక్కింది సముద్రం దాటి వచ్చిన మాట.

బావి లోతైతే మోట. రాయలసీమలో దీన్నే కపిల అంటారు. మోట నిర్మాణాన్ని సాహిత్య విద్యార్థులు ఒకసారి శ్రద్ధగా గమనించాలి. తోలు బొక్కెన; దాని అడుగున ఏనుగు తొండంలాంటి తోలు గొట్టం. రెండు తాళ్లు. లావుపాటి మోకు బొక్కెన మూతికి కట్టి, పైనున్న గిరక మీదుగా ఎడ్ల కాడికి పోతుంది. సన్నపు తాడు తొండం కొసకు కట్టి, కిందనున్న చిన్న గిరక మీదుగా అదే కాడికి పోతుంది. ఎడ్లు వాలుదారిలో దిగుతుంటే బొక్కెన లేస్తుంది. సన్నపు తాడు తొండాన్ని పైకి మడిచి పట్టి ఉంచుతుంది కాబట్టి నీళ్లు కారిపోవు. బొక్కెన గట్టుపైకి వచ్చేసరికి తొండం తొట్టిలోకి వాలుతుంది. నీళ్లు వాటంతటవే ఒలికి కాలువ పడతాయి. ఒక్క విడతకు వంద లీటర్లకు పైగానే. తోలేవాడు మోకు మీద కూర్చుని తన బరువును కూడా ఎడ్ల బరువుకు జోడిస్తాడు. ఎడ్లు వెనక్కి అడుగులేస్తూ మళ్లీ గట్టెక్కుతాయి. ఈ దిగడంలో ఎక్కడంలో పాట పుడుతుంది. ఇంతవరకు నా పాత వ్యాసంలో ఉన్నదే.

అందులో లేనిది తొండం. తొండం లేని మోట ఎలా ఉంటుందో బాబరు తన ఆత్మకథలో రాసిపెట్టాడు. ఆగ్రా ప్రాంతంలో ఎద్దుతో పెద్ద బొక్కెన లాగించడం చూసి, దీనికి ఒకడు ఎద్దును తోలాలి, ఇంకొకడు బొక్కెనను ఒంపాలి అన్నాడు. ఎద్దు తిరిగే దారిలో పడి తాడు పేడలోనూ మూత్రంలోనూ నాని, అదే తాడు బావిలోకి దిగుతుందని ఏవగించుకున్నాడు. లాహోరు, దీపాల్‌పూర్, సర్హింద్ వైపు చక్రానికి కుండలు కట్టి తిప్పే యంత్రాన్ని కూడా ఆయన వర్ణించాడు. ఆ చక్రం మీద చరిత్రకారుల మధ్య పెద్ద చర్చే జరిగింది. సంస్కృతంలోని అరఘట్టం, బాబరు చూసిన యంత్రం ఒకటేనా? పళ్లచక్రాల అమరిక ఇక్కడిదా, తురుష్కుల రాకతో వచ్చిందా? ఈ అమరిక తర్వాతి కాలంలో వచ్చిందని ఇర్ఫాన్ హబీబ్ 1969లో వాదించారు. విలువైన చర్చే. కాని అది ఎంతసేపూ యంత్రం ఏ దేశానిది, ఏ కాలానిది అన్నచోటే తిరిగింది. చక్రానికి కట్టిన కుండ ఏ కుమ్మరి సారె మీద లేచిందన్న ప్రశ్న అందులో ఇమడదు.

ఇప్పుడు తొండం సంగతి చూడండి. బాబరు చూసిన రెండో మనిషిని, బొక్కెన ఒంపేవాడిని, తొండం తప్పించింది. ఒక మనిషి రోజు కష్టాన్ని ఒక తోలు గొట్టం మిగిల్చింది. పరికరాల చరిత్రలో ఇది చిన్న సంగతి కాదు. దీన్ని ఎవరు కనిపెట్టారో చెప్పే శాసనం లేదు. నీళ్ల బరువుకు తోలు ఎంత సాగుతుందో, ఎక్కడ మడిస్తే కారదో, ఎన్ని కుట్లు వేస్తే పిగలదో తెలిసిన చేతికే ఇలాంటి ఊహ తడుతుందని నా అనుమానం. ఆ చేయి ఎవరిదో మనందరికీ తెలుసు.

ఆ వృద్ధుడు చెప్పింది నా మాటల్లో రాస్తున్నాను. ఊళ్లో ఎద్దు చచ్చిపోతే కబురు మాదిగవాడకు వచ్చేది. కళేబరాన్ని మోసుకుపోవాలి. తోలు ఒలిచి, సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క వేసి లందలో రోజుల తరబడి ఊరబెట్టాలి. లంద వాసన చేతుల్ని వదలదు, ఇంటినీ వదలదు. ఆ తోలును రంపెతో కోసి, ఆరెతో పొడిచి, తోలు వారుతోనే కుట్టాలి. కుట్టినదాన్ని బావికి చేర్చి, తాళ్ల పొడవు సరిచూసి, మొదటి బొక్కెన కారకుండా గట్టెక్కేదాకా అక్కడే నిలబడాలి. చిరిగితే మళ్లీ పిలుపు. ప్రతిఫలం కళ్లంలో కొలిచే మేర. "మీ తాత ఎద్దు బతికినన్ని దినాలు బొక్కెన గుంజింది. సచ్చినంక బొక్కెనైంది. నడుమ మా నాయిన ఉన్నడు" అన్నాడాయన. శ్రమ గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇంత సూటి వాక్యం నాకు గుర్తులేదు.

మేర అయినా అందరి దగ్గరా దక్కలేదు. సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణ పోరాట చరిత్ర వెట్టిని వృత్తుల వారీగా వివరిస్తుంది. నీళ్లు తోడే తోలు పరికరాలనూ కాడి పట్టెడలనూ సాధారణ రైతులు ధాన్యం కొలిచి తీసుకుంటే, దొరలు మాత్రం ఊరికే చేయించుకునేవాళ్లని అందులో ఉంది. 1946-51 పోరాటం గురించి మనం ఎన్నో కథలు, నవలలు, పాటలు రాసుకున్నాం. భూమి కోసం, భుక్తి కోసం అన్నాం. ఆ భూమిని తడిపిన బొక్కెన కూడా వెట్టిదేనన్న సంగతిని మన విమర్శ ఎంతవరకు పట్టించుకుంది?

ఇంకో సంగతి నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. పొలంలో దప్పికైతే మా తాత మోట తొట్టిలోనే దోసిలి పట్టి తాగేవాడు. మా ఇంట్లో ఇది ముచ్చటగా చెప్పుకునే సంగతి. ఆ నీళ్లంత చల్లన మరెక్కడా లేదనేవాళ్లు. ఆ నీళ్లు తోలులోంచే వచ్చేవి. తోలుకు అంటు లేదు. ఆ తోలు కుట్టిన మనిషి ఊరి మంచినీళ్ల బావి గట్టెక్కితే అంటు. వస్తువును లోపలికి రానిచ్చి, చేసినవాడిని బయట నిలబెట్టడం కులవ్యవస్థ ఆర్థిక రహస్యం. ఇది పాత కథ అనుకోవడానికి వీల్లేదు. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన మారణకాండ, మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర నీళ్లు మురికి చేయడాన్ని అడ్డుకున్నందుకు మొదలైంది. తరతరాలుగా ఊరి పొలాలకు నీళ్లెత్తే బొక్కెన కుట్టిన కులానికి, తన నీళ్లు తనకు శుభ్రంగా కావాలని అడిగే హక్కు కూడా లేకపోయింది.

మన విమర్శ ఈ మనిషిని ఎందుకు చూడలేదు? దురుద్దేశంతో అని నేననను. మనం పట్టుకున్న సూత్రమే కొంత కారణం. పని లయలోంచి పాట పుట్టిందని నమ్మినవాడికి లయ ఉన్న పనే వినిపిస్తుంది. మోట కొట్టడంలో లయ ఉంది, ఏతం తొక్కడంలో ఉంది, నాటు వేయడంలో ఉంది. లందలో తోలు ఊరడానికి లయ లేదు. అక్కడ ఎదురుచూపు ఉంది, వాసన ఉంది. కాబట్టి శ్రమగేయాల పట్టికలో ఆ పని లేదు. పట్టికలో లేనిది శ్రమే కాదన్నట్టు మనం ప్రవర్తించాం.

అలాగని ఆ మనిషికి గొంతు లేదా? ఉంది. అదే తోలుతో డప్పు కట్టాడు. చిందువాళ్లు, డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణం ఉంది. అందులో ఆదిపురుషుడు జాంబవుడు. కాని వాటిని మనం వేరే అరలో పెట్టాం. రైతు పాట 'శ్రమగేయం' అయింది, మాదిగ కథ 'కులపురాణం' అయింది. ఒకే బావి దగ్గర కలిసిన రెండు శ్రమలు మన పుస్తకాల్లో రెండు అధ్యాయాలుగా విడిపోయాయి. ఒకటి అభ్యుదయం కింద, ఒకటి ఆచారం కింద. జాషువ 1941లో 'గబ్బిలం'తో చెప్పులు కుట్టే చేతిని పద్యంలోకి తెచ్చాడు. 1990ల్లో దళిత రచయితలు, ముఖ్యంగా మాదిగ కథకులు, లందనూ ఆరెనూ సాహిత్యానికి పరిచయం చేశారు. వాళ్లు మన తప్పును దిద్దారు. దాన్ని తప్పుగా ఒప్పుకోవడం మాత్రం మన వంతు పనిగా ఇంకా మిగిలే ఉంది.

ఇక మోట ఎలా పోయిందో చూడాలి. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలోనే మద్రాసు రాష్ట్రంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ఆయిలింజను పంపులతో సాగునీరు తోడించే ప్రయోగాలు చేసి, 1912లో దానిమీద పుస్తకం వేశాడు. అయినా పల్లెల్లో మోట చాలాకాలం బతికింది. మా ఊళ్లో ముందు తోలు బొక్కెన స్థానంలో ఇనుప రేకు బొక్కెన వచ్చింది, తొండం మాత్రం తోలుదే మిగిలింది. తర్వాత ఆయిలింజను, ఆపైన కరెంటు మోటారు, చివరకు బోరు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చేనాటికి మా తాత బావి గట్టున రెండు రాతి స్తంభాలే మిగిలాయి. నా పాత వ్యాసం ముగింపులో నేను ఆ స్తంభాల దగ్గర నిలబడి, పాట పోయిందని విచారించాను.

ఆ మాట కూడా వృద్ధుడికి చెప్పాను. "పాట పోయిందని మీరు ఏడిస్తిరి సారు, లంద పోయిందని నేను ఏడ్వలే" అన్నాడు. కాసేపాగి, "మేర గూడ పోయింది, అదొక్కటి యాదికొస్తది. బోరేసుకునేటందుకు మాకు భూమేది?" అన్నాడు. యంత్రం వచ్చి చాకిరీ నుంచి విముక్తి చేసిందని సంబరపడేవారికీ, యంత్రం వచ్చి సంస్కృతిని మింగిందని బాధపడేవారికీ ఆ రెండు మాటల్లోనే సమాధానం ఉంది. యంత్రం అతని చేతుల్లోంచి వాసన తీసేసింది, కళ్లంలో వాటా కూడా తీసేసింది. భూమి మాత్రం ఇవ్వలేదు. యంత్రం ఎవరి పొలంలో దిగిందన్నదే అసలు ప్రశ్న.

బిరుదురాజు రామరాజు వంటి పెద్దలు జానపద గేయాలను సేకరించి మనకు పెద్ద నిధి ఇచ్చారు. వాళ్లు పాడేవాళ్ల దగ్గరికి వెళ్లారు. ఆనాటికి అదే పెద్ద అడుగు. మనం కుట్టినవాళ్ల దగ్గరికి, చేసినవాళ్ల దగ్గరికి వెళ్లాలి. బొక్కెన కుట్టిన చేతులు దాదాపు లేవు. పక్కన కూర్చుని వారు అందించిన పిల్లలే ఇప్పుడు ఎనభై ఏళ్లవాళ్లు. పరిశోధన చేస్తున్న విద్యార్థులు వచ్చే ఏడాదికి అనుకుంటే ఆలస్యమైపోతుంది.

నా వ్యాసాన్ని మళ్లీ రాస్తున్నాను. మొదటి పేరాలో బావి లేదు, ఎడ్లు లేవు. లంద దగ్గర కూర్చుని తండ్రికి ఆరె అందిస్తున్న ఒక పిల్లవాడు ఉన్నాడు. పాట తర్వాత వస్తుంది.