తెర నేర్పిన ఓపిక

1980లో అమెరికా మాస్కో ఒలింపిక్స్‌ను బహిష్కరించడంతో ఆ దేశపు రోయింగ్ జట్టు ఒలింపిక్ పందెమే లేకుండా మిగిలిపోయింది. ఆ రోజుల్లోనే బోస్టన్‌లో కొందరు జాతీయ స్థాయి రోయర్లు, చలికాలపు సాధనలో విసుగు పోగొట్టుకోడానికి, హార్వర్డ్ బోట్‌హౌస్‌లో రోయింగ్ మెషిన్ల మీదే పందెం పెట్టుకున్నారు. ఛార్లెస్ నది గడ్డకడితే ఎలాగూ పడవ దింపలేరు. ‘ఒకప్పటి మొనగాళ్లం’ అని తమ మీద తామే జోకు వేసుకుంటూ పందేనికి క్రాష్-బి అని పేరు పెట్టారు. 1981లో వెర్మాంట్ రాష్ట్రంలో తెడ్లు తయారుచేసే డిక్, పీట్ డ్రైసిగాకర్ అన్నదమ్ములు సైకిల్ చక్రానికి రెక్కలు బిగించి కాన్సెప్ట్2 మొదటి మెషిన్ తెచ్చారు. 1986లో రెండో మోడల్‌తో పాటు ఎలక్ట్రానిక్ మానిటర్ వచ్చింది. పందెమంతా ఒకే వేగంతో లాగాలన్న తెలివి ఈ ఆటకు కోచ్‌ల కంటే ఎక్కువగా ఆ చిన్న తెర వల్లే అబ్బిందని నా వాదన.

కారణం దాని పనితీరులోనే ఉంది. పాతరకం మెషిన్లలో చక్రానికి బ్రేకు పట్టీ రాసుకునేది. పట్టీ వేడెక్కినా, బిగువు మారినా అంకె మారిపోయేది, కాబట్టి ఒక ఊళ్లో తీసిన టైము ఇంకో ఊళ్లో చెల్లుబాటయ్యేది కాదు. కొత్త మానిటర్ పిడిని వెనక్కి వదిలిన ప్రతిసారీ చక్రం ఎంత త్వరగా నెమ్మదిస్తోందో కొలిచి, గాలి నిరోధాన్ని అప్పటికప్పుడు లెక్కగడుతుంది. పక్కనున్న మీటను ఒకటి మీద పెట్టినా పది మీద పెట్టినా లెక్క ఒకటే. 500 మీటర్లకు పట్టే టైమును రోయర్లు స్ప్లిట్ అంటారు. మీటరుకు పట్టే సెకన్లను ఘనం చేసి, 2.8ని దానితో భాగిస్తే వాట్లు వస్తాయి. 2:00 స్ప్లిట్‌కు దాదాపు 202 వాట్లు సరిపోతే, 1:40కి 350 కావాలి. టైములో ఆరో వంతు తగ్గించడానికి దాదాపు ముప్పావు వంతు అదనపు శక్తి పోయాలన్నమాట.

ఈ ఘనం లెక్కే దూకుడుకు జరిమానా వేస్తుంది. 2000 మీటర్లలో మొదటి సగం 1:40తో, రెండో సగం 2:00తో లాగినవాడు 7:20కి ముగిస్తాడు. అతను ఖర్చుపెట్టింది సుమారు 1,18,600 జౌళ్లు. అంతే శక్తిని మొదటి నుంచి చివరిదాకా సమంగా పంచి ఉంటే 7:14.6కే అయిపోయేది. ఐదు సెకన్లకు పైగా వృథా! మెషిన్ పందెంలో ఐదు సెకన్లంటే పతకానికీ పదో స్థానానికీ మధ్య దూరం కావచ్చు.

స్టాప్‌వాచ్ పట్టుకున్న కోచ్‌కు ఇదంతా ముందే తెలుసు కదా అనవచ్చు. తెలుసు, కానీ నీటి మీద అతని గడియారానికి గాలి, ప్రవాహం, పక్క పడవ అన్నీ అడ్డొచ్చేవి. ఇంకో అభ్యంతరం గట్టిది: మేటి రోయర్లే సమంగా లాగరు. 2000 ఒలింపిక్స్, తర్వాతి రెండేళ్ల ప్రపంచ పోటీలు, బ్రిటిష్ ఇండోర్ పోటీల ఫలితాలను స్టీఫెన్ గార్లండ్ పరిశీలించి 2005లో ప్రచురించారు. నీటి మీద మొదటి 500 మీటర్లు సగటు వేగంలో 103.3 శాతంతో సాగాయి, మూడో 500 మాత్రం 98.3కి పడింది. మెషిన్ మీద అవే 101.5, 99.0. నాకైతే ఈ అంకెలు వాదనకు బలమే ఇస్తున్నాయి. మొదటి కొన్ని సెకన్లు కండరాల్లో నిల్వ ఉన్న శక్తితో నడుస్తాయి కాబట్టి కొంత దూకుడు ఎక్కడైనా ఉంటుంది. రోయర్లు వెనక్కి తిరిగి కూర్చుంటారు గనక నీటి మీద ముందున్నవాడికే మిగతావాళ్లు కనబడతారు, అందుకని ముందు దూకడంలో లాభముంది. గదిలో ఆ లాభం లేదు, పైగా తెర ప్రతి లాగుడుకూ ఖర్చు చెబుతోంది. దూకుడు సగానికి పైగా తగ్గింది.

తెర జోస్యమూ మొదలుపెట్టింది. తర్వాతి మానిటర్లు ముగింపు టైమును ముందే చూపిస్తాయి. దూరం మారితే ఎంత పడుతుందో చెప్పడానికి రోయర్ల నోళ్లలో నానే పాల్ సూత్రం ఉంది: దూరం రెట్టింపైతే స్ప్లిట్‌కు ఐదు సెకన్లు కలుపు. పరుగు పందేల కోసం పీట్ రీగల్ 1977లో ఇచ్చిన సూత్రం ప్రకారమైతే దూరం రెట్టింపైతే స్ప్లిట్ 4.25 శాతం పెరుగుతుంది. రెండూ కలిసేది 1:58 దగ్గర. 1:35 వాడికి పాల్ లెక్క ఒక సెకను దయ చూపిస్తుంది, 2:30 వాడికి సెకనుకు పైగా లేని ఆశ పెడుతుంది. అందరికీ ఐదే అనడం మధ్యరకం రోయర్ కొలతతో కుట్టిన చొక్కా లాంటిది. తన సొంత పందేలు రెండింటి నుంచి తీసిన అంతరమే మేలు. పాల్ లెక్కలో 2000 మీటర్లు 1:45తో లాగేవాడు 6000 మీటర్లను 1:53తో, అంటే 22:36లో లాగాలి. అతని అంతరం ఐదు కాక ఏడని తేలితే 1:56తో మొదలుపెట్టాలి.